గ్యాస్‌కట్టు తెలిసిన అమ్మమ్మ, తిమ్మిరి చెప్పలేని మనవడు

2008. ఒహాయోలో నా మొదటి చలికాలం. ఒకరోజు పొద్దున లేచేసరికి కుడిచెయ్యి తిమ్మిరెక్కి ఉంది. రాత్రి చేతిమీద తల పెట్టుకుని పడుకున్నాను కాబోలు, కాసేపట్లో అదే పోతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నమైనా పోలేదు. టెన్షన్ మొదలైంది. విద్యార్థుల క్లినిక్‌కి వెళ్తే నర్సు ఏమైందని అడిగింది. నోరు తెరిచాను. తిమ్మిరికి ఇంగ్లీషు మాట రాలేదు.

అంతకు ఏడాది ముందే, అమెరికాలో పై చదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం 3500 పదాల జాబితా బట్టీ పట్టినవాణ్ణి నేను. 'పుసిలానిమస్' అంటే పిరికివాడని తెలుసు. 'ఆబ్‌స్ట్రెపరస్' అంటే గోల చేసేవాడని తెలుసు. అప్పట్లో ఆ పరీక్షలో వ్యతిరేక పదాలు అడిగేవాళ్లు, 2011లో తీసేశారు. మేమంతా నిద్రలో లేపి అడిగినా వ్యతిరేక పదాలు చెప్పేలా తయారయ్యాం. కానీ నా చేతికి ఏమైందో చెప్పడానికి ఆ 3500లో ఒక్కటీ ముందుకు రాలేదు. చివరికి "ఆంట్స్ ఆర్ వాకింగ్ ఇన్ మై హ్యాండ్" అన్నాను. చీమలు పాకినట్టుంది అంటాం కదా, అదే. ఆవిడ ఒక్క క్షణం నా చేతివైపు అనుమానంగా చూసి, "ఓ, పిన్స్ అండ్ నీడిల్స్!" అంది.

గుండుసూదులూ సూదులూ. రెండు మాటలూ నాకు ఆరో తరగతి నుంచి తెలిసినవే.

చెయ్యి సాయంత్రానికి బాగైపోయింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక పిచ్చి పట్టుకుంది. వంటింట్లో, ఒంట్లో, రోడ్డుమీద దొరికే ఇంగ్లీషు మాటల్ని పోగేయడం. తిరిగి హైదరాబాదు వచ్చేశాక కూడా అది వదల్లేదు. ఇప్పుడు దీని గురించి రాయాలనిపించడానికి కారణం మా అక్క కొడుకు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడి ఫోన్ నిండా ఇంగ్లీషు నేర్పే రీల్సే. 'వెరీ టైర్డ్ అనకండి, ఎగ్జాస్టెడ్ అనండి. వెరీ హంగ్రీ అనకండి, ఫామిష్డ్ అనండి.' నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాసుకుంటున్నాడు.

"రోజుకి ఇరవై మామయ్యా," అన్నాడు గర్వంగా. "నెలకి ఆరువందలు."

"బాగుంది. నిన్న ఏం జరిగిందో చెప్పు, ఇంగ్లీషులో."

నిన్న వాడి బండి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. చైను ఊడింది. బిగిద్దామని కూర్చుంటే చేతులంతా గ్రీజు. అంతలో వాన. ఎవరో పెద్దాయన గొడుగు పట్టుకుని నిలబడి సలహాలు ఇచ్చాడట కానీ గొడుగు మాత్రం తన నెత్తిమీదే ఉంచుకున్నాడట. తెలుగులో చెబుతూ మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "మై బైక్ స్టాప్డ్. చైన్... చైన్..." ఆగి నా మొహం చూశాడు. "చైన్ ఈజ్ డిటాచ్డ్?"

తప్పు కాదు, అర్థమవుతుంది. కానీ తెలుగులో ఎవరైనా 'నా ద్విచక్ర వాహనపు గొలుసు విడివడినది' అంటే ఎలా ఉంటుందో అలా ఉంది. చైను కేమ్ ఆఫ్, అంతే. బండి బ్రోక్ డౌన్. పెట్రోలు అయిపోతే రన్ అవుట్. వాన తగ్గేదాకా ఆగితే, వెయిటెడ్ ఫర్ ద రెయిన్ టు లెట్ అప్. వాడి కథ మొత్తం చెప్పడానికి కావలసిన మాటల్లో వాడి ఆరువందల నుంచి ఒక్కటి కూడా అక్కర్లేదు. ఇంకో సంగతి, నేను అక్కడున్న ఏడేళ్లలో ఆకలేసినవాళ్లు 'స్టార్వింగ్' అనడం విన్నాను కానీ ఫామిష్డ్ అన్నవాణ్ణి చూడలేదు.

వాడికి ఇంగ్లీషులో చైను ఊడకపోవడం వాడి తెలివితక్కువతనం కాదు. ఏ భాషలోనైనా చిన్న మాటలే గట్టివి. మన 'కొట్టు' సంగతే చూడండి. కొట్టు అంటే బీట్ అని నేర్చుకుని ఒక విదేశీయుడు మన ఊరొచ్చాడనుకుందాం. గుళ్లో గంట కొడతాం, కొబ్బరికాయ కొడతాం, సరే, అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత సైకిల్‌కి గాలి కొడతాం. పొలానికి మందు కొడతాం. బస్సులో జేబులు కొడతారు. మురిక్కాలవ కంపు కొడుతుంది. ఎండ కొడుతుంది. ఆఫీసులో స్టాంపు కొడతారు, పై అధికారులకు సెల్యూట్ కొడతారు. పాపం ఆయన ఎవరు ఎవర్ని ఎందుకు బాదుతున్నారో తెలియక పారిపోతాడు. మన పిల్లలెవరూ 'కొట్టు'కి అర్థాల పట్టిక రాసుకోలేదు. 'ఎండ కొడుతోంది, నీడలోకి రా' అని అమ్మ చెయ్యి పట్టి లాగినప్పుడు ఆ ముక్క మొత్తం ఒకేసారి లోపలికెళ్లింది. గెట్, పుట్, టేక్, కమ్, రన్ అనేవి ఇంగ్లీషువాడి కొట్టు, పెట్టు, వెయ్యి, పడు.

1930లో సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లీషాయన మొత్తం భాషను 850 పదాలకు కుదించి 'బేసిక్ ఇంగ్లీష్' అని పేరు పెట్టాడు. అందులో క్రియలు పద్దెనిమిదంటే పద్దెనిమిదే. వినడానికి ఎంత హాయిగా ఉంది! కిటుకు ఎక్కడుందంటే, 'గెట్' పక్కన అప్, ఓవర్, అవే చేర్చినప్పుడు పుట్టే కొత్త అర్థాల్ని ఆయన విడి పదాలుగా లెక్కపెట్టలేదు. పుట్టుకతో ఆ భాష వచ్చినవాడికి అవి లెక్కలోకి రావు. మనకు ఒక్కోటీ ఒక కొత్త మాటే.

మైకేల్ వెస్ట్ మీద నాకు ఇంకొంచెం గౌరవం. ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు ఎలా నేర్పాలా అని ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకున్నవాడు. (చూశారా, మళ్లీ కొట్టుకోవడమే.) 1953లో ఆయన సుమారు 2000 పదాల జాబితా ఒకటి అచ్చువేశాడు. మామూలు ఇంగ్లీషు రాతల్లో 80 శాతం దాకా ఈ పదాలే ఉంటాయి. నాకు నచ్చింది ఆ లెక్క కాదు. ఒక్కో పదం కింద దానికున్న అర్థాలన్నీ ఇచ్చి, ఏ అర్థం ఎంత శాతం వాడుకలో ఉందో కూడా వేశాడు. అంటే పదం కన్నా దాని వాడుకే ముఖ్యమని ఆయనకు తెలుసు. ఇవాళ నెట్‌లో తిరిగే ఆ జాబితాల్లో శాతాలు పోయాయి, అర్థాలు పోయాయి, ఒట్టి పదాలు మిగిలాయి. మా వాడికి చూపిస్తే పైనుంచి కిందికి ఒకసారి చూసి "ఇవన్నీ నాకొచ్చు మామయ్యా" అన్నాడు. కమ్, ఆఫ్, రన్, అవుట్. అన్నీ వచ్చు. మరి చైను దగ్గర ఎందుకు ఆగినట్టు?

మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. తెనాలి దగ్గర పల్లె. ఆవిడకు ఇంగ్లీషు రాదని మేమూ అనుకునేవాళ్లం, ఆవిడా అనుకునేది. కానీ కుక్కరు విజిల్ రాకపోతే కారణం చెప్పగలదు. "గ్యాస్‌కట్టు లూజైంది, టౌనుకెళ్తే కొత్తది తే" అనేది. గాస్కెట్టే అది. గ్యాసుని కట్టి ఉంచేది కాబట్టి గ్యాస్‌కట్టు అని ఆవిడ నమ్మకం. నాకైతే ఇంగ్లీషువాడి మాట కన్నా అదే బాగుంటుంది. రెగ్యులేటరు, సిలిండరు, ప్లగ్గు, ఫ్యూజు ఆవిడకు కొట్టినపిండి. తాతయ్యదైతే ఇంకో నిఘంటువు. మోటారు, స్టార్టరు, ఫుట్‌వాల్వు, బేరింగు. కరెంటాఫీసుకి ఫోన్ చేసి "ఒక ఫేజు పోయిందండీ" అని ఏ ఇంజనీరుకైనా అర్థమయ్యేలా చెప్పేవాడు. నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికి నాకు ఫుట్‌వాల్వు అంటే ఏమిటో తెలియదు.

వాళ్లెవరూ రోజుకు ఇరవై చొప్పున నేర్చుకోలేదు. వస్తువు ఇంట్లోకి వచ్చింది, పేరు దాని వెనకే వచ్చింది. పాడైనప్పుడు ఆ పేరుతో పనిపడింది. పనిపడినప్పుడల్లా నోట్లో నలిగింది. నాలుగైదు వందల ఏళ్ల కింద పోర్చుగీసువాళ్ల నుంచి అలమార, మేస్త్రీ, బొత్తాం, తువాలు వచ్చినప్పుడు కూడా ఇలాగే వచ్చి ఉంటాయి. ఇప్పుడవి పరాయి మాటలని చెబితే జనం నమ్మరు.

అయితే ఇలా ఇంట్లోకి వచ్చిన మాటలతో ఒక చిక్కుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడిలా అవి ఇక్కడి తిండి తిని ఇక్కడి మనుషులైపోతాయి. మళ్లీ వాటిని పుట్టింటికి తీసుకెళ్తే అక్కడివాళ్లు గుర్తుపట్టరు. 'డౌట్' సంగతి చూడండి. క్లాసులో మొదటిసారి చెయ్యెత్తి "ఐ హ్యావ్ ఎ డౌట్" అన్నాను. ప్రొఫెసరమ్మ చాక్‌పీస్ పక్కన పెట్టి, బోర్డుమీద రాసిన లెక్క మొత్తం పైనుంచి సరిచూసుకుంది. నేను తప్పు పట్టానేమో అనుకుంది. నేను అడగబోయింది ఒక చిన్న ప్రశ్న. అక్కడ డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, మనకు డౌట్ అంటే అర్థం కాకపోవడం.

మనవాడు 'ఫీలయ్యాడు' అంటే నొచ్చుకున్నాడని. అక్కడ ఫీలయ్యాడంటే 'ఏమని?' అని ఎదురుచూస్తారు. మన 'కామెంట్ చేశాడు'లో వెటకారం ఉంది, వాళ్లదాంట్లో ఉండక్కర్లేదు. కొత్త సినిమా మంగళవారం మొదలుపెట్టనివాడికి మన దగ్గర సెంటిమెంట్ ఉన్నట్టు, వాళ్లకు సెంటిమెంట్ అంటే ఒట్టి భావనే. హోటల్లో భోంచేశామంటే వాళ్లకు ఏదో ఊరెళ్లి గది తీసుకున్నట్టు. టెన్షన్ పడకు అన్నది అక్షరాలా చెబితే తాడు గురించో తీగ గురించో అనుకుంటారు. ఈ మాటలే నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం. తెలియని మాటైతే వెతుక్కుంటాం. తెలుసనుకున్నదాన్ని ఎవడు వెతుకుతాడు?

ఇక్కడ ఇంకో పేచీ ఉంది నాకు. మన ఇంగ్లీషు మాటలు విని మొహం చిట్లించేవాళ్లతో. వంకాయను బ్రింజాల్ అంటే తప్పేం లేదు. అది పోర్చుగీసువాళ్ల దగ్గర నుంచి మనకొచ్చింది. బ్రిటన్‌లో ఫ్రెంచి మాట తీసుకుని ఓబర్జీన్ అంటారు, అమెరికాలో ఎగ్‌ప్లాంట్ అంటారు. ఎవరి వంకాయ వాళ్లది. కారు వెనక ఉండే అదనపు చక్రాన్ని గుంటూరు మెకానిక్ స్టెప్నీ అంటాడు. వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లోని స్టెప్నీ స్ట్రీట్ పేరుతో వందేళ్ల కింద అమ్మిన చక్రం అది. పుట్టిన దేశంలో ఆ మాట దాదాపు మాసిపోయింది, మన మెకానిక్ షెడ్డులో బతికే ఉంది. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు. కాకపోతే ఎదుటివాడు ఎక్కడివాడో చూసుకోవాలి. నేను చూసుకోక ఒహాయోలో సూపర్‌మార్కెట్ కుర్రాణ్ణి 'లేడీస్ ఫింగర్స్' ఎక్కడున్నాయని అడిగాను. బెండకాయల కోసం. ఆ అబ్బాయి మర్యాదగా బిస్కెట్ల అర దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ నిజంగానే ఆ పేరుతో వేలంత పొడుగు మెత్తటి బిస్కెట్లున్నాయి. కొనకపోతే బాగుండదని ఒక పాకెట్ కొనుక్కుని వచ్చాను. బెండకాయ వేపుడు బదులు ఆ రాత్రి టీలో బిస్కెట్లు.

అసలు సరదా ఎక్కడంటే, రోజువారీ మాటల్లో రెండు భాషలూ ప్రపంచాన్ని ఒకేచోట కోయవు. మనం పాలు కాస్తాం, నీళ్లు మరిగిస్తాం, గుడ్లు ఉడకబెడతాం. ఇంగ్లీషులో మూడూ బాయిల్. మనకు అద్దం పగులుతుంది, కర్ర విరుగుతుంది, దారం తెగుతుంది. వాళ్లకు మూడిటికీ బ్రేక్ సరిపోతుంది. పాలు విరిగితే మాత్రం సరిపోదు, అవి కర్డిల్ అవుతాయి. మరోవైపు మనం వేరుశెనగలూ వేయిస్తాం, అప్పడాలూ వేయిస్తాం. వాళ్లు నూనె లేనిదాన్ని రోస్ట్ అని, నూనె ఉన్నదాన్ని ఫ్రై అని విడదీస్తారు. కారమూ హాటే, వేడీ హాటే. అందుకే అక్కడ వడ్డించేటప్పుడు 'హాట్ అంటే ఏ హాట్?' అని మళ్లీ అడగాల్సి వస్తుంది. ఇక జామపిందె కొరికిన ఏ పిల్లాడికైనా మన దగ్గర వగరు తెలుసు. ఇంగ్లీషులో దానికి 'ఆస్ట్రింజెంట్' అనాలి. అది వాళ్ల పిల్లలకు తెలియని మాట, మందుల సీసా మీద ఉండే మాట. ఈ ఎచ్చుతగ్గులు ఏ జాబితాలోనూ కనబడవు. జాబితాలో బాయిల్ పక్కన 'ఉడకబెట్టు' అని ఉంటుంది, అంతే.

నేను ఎక్కువ నేర్చుకున్నది మా పాప దగ్గర. అక్కడి పబ్లిక్ లైబ్రరీలో బొమ్మల పుస్తకాలు సంచీ నిండా ఇచ్చేవాళ్లు. రెండేళ్ల పిల్లకు చదివి వినిపిస్తూ ముప్ఫై ఏళ్ల తండ్రి నేర్చుకున్నాడు. రొట్టె తింటే రాలే పొడి క్రమ్స్. పాలు ఒలికితే స్పిల్. మునివేళ్ల మీద నడిస్తే టిప్‌టో. దెబ్బ మానేటప్పుడు కట్టే పక్కు స్కాబ్. ఒకరోజు పుస్తకంలో పిల్లి ఎవరి 'ల్యాప్' మీదో పడుకుంది. ల్యాప్ అంటే ఒడి అని అప్పుడు తట్టింది. అప్పటికి పదేళ్లుగా ల్యాప్‌టాప్ మోస్తున్నాను. ఒడిలో పెట్టుకునేది కాబట్టి ఆ పేరని ఒక్కసారీ ఆలోచించలేదు. నా పుసిలానిమస్ పరిస్థితి ఇదీ.

"మరి పెద్ద మాటలు అక్కర్లేదా మామయ్యా? ఇంటర్వ్యూలో ఇంప్రెస్ చెయ్యాలి కదా" అన్నాడు మా వాడు. అక్కర్లేదని నేననను. పాల్ నేషన్ అనే పదాల లెక్కల పండితుడు 2006లో వేసిన అంచనా ప్రకారం ఒక నవలో వార్తాపత్రికో ఇబ్బంది లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మాట, దాని నుంచి పుట్టే రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలియాలి. అవి చదువుతుంటే వస్తాయి, రావాలి కూడా. కానీ వాడు పోయిన నెల వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో అడిగింది ఏమిటి? 'నిన్న మీ రోజు ఎలా గడిచింది, చెప్పండి.' ఫామిష్డ్ వచ్చినవాడికి పొద్దున లేవడం, పళ్లు తోముకోవడం, బస్సు తప్పిపోవడం రాలేదు. బట్టీ పట్టిన 'హార్డ్‌వర్కింగ్ అండ్ డెడికేటెడ్' అయిపోయాక మాట ఆగిపోయింది. పై అంతస్తు కట్టి ఉంది, నిచ్చెన లేదు.

అట్టముక్కల మీద రాసుకుని తిరగేసే పద్ధతి మీద కూడా నాకు కోపం లేదు. నేనూ ఫోన్‌లో అదే చేస్తాను. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ తన మీద తానే ప్రయోగం చేసుకుని, మనం ఎంత వేగంగా మరిచిపోతామో లెక్కకట్టాడు. మరపు రాకముందే మళ్లీ చూడాలన్న కిటుకు అక్కడి నుంచి వచ్చిందే. కానీ ఆయన బట్టీ పట్టినవి కావాలని కూర్చిన అర్థం లేని అక్షరాల గుంపులు. ఇంకా ఒక్కసారి కూడా అవసరపడని మాట మనకు అలాంటి గుంపే. అందుకే నా అట్టముక్క మీద ఒంటి పదం ఉండదు. నాకు ఎక్కడో పనిపడి, చెప్పలేక నీళ్లు నమిలిన సందర్భం మొత్తం ఉంటుంది. ముందువైపు 'అన్నం పొలమారింది' అని తెలుగులో, వెనక 'ఇట్ వెంట్ డౌన్ ద రాంగ్ పైప్'. ముందు 'కాలు బెణికింది', వెనక 'ఐ ట్విస్టెడ్ మై యాంకిల్'. తప్పు గొట్టంలోకి పోయిందట! ఆ మాట విన్నాక మరిచిపోవడం కష్టం.

మా వాడికి ఇచ్చిన పని ఒక్కటే. రోజూ రాత్రి ఆ రోజు జరిగిందాంట్లో ఒక చిన్న సంగతి తీసుకుని, రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి నాకు వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎక్కడ మాట రాకపోతే అక్కడ తెలుగు మాటే వేసి ముందుకు పోవాలి. ఆ తెలుగు మాటలే మర్నాటి జాబితా. మొదటి వారం వాడి మెసేజుల్లో ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ. బకెట్‌లో నీళ్లు 'నిండి పొర్లిపోయాయి', ఇస్త్రీ పెట్టె 'అంటుకుని' చొక్కా 'మాడింది', హాస్టల్ సాంబారులో ముక్కలు 'అడుగున ఉండిపోయాయి'. ఇరవై పదాల నోట్‌బుక్ ఎక్కడికి పోయిందో నేను అడగలేదు.

మొన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది. వెనక ట్రాఫిక్ చప్పుడు. "మామయ్యా, మై చైన్ కేమ్ ఆఫ్ అగైన్. సేమ్ ఫ్లైఓవర్. ఐ పుట్ ఇట్ బ్యాక్ ఆన్ మైసెల్ఫ్. గాట్ గ్రీజ్ ఆల్ ఓవర్ మై షర్ట్. దెన్ ఐ రాన్ అవుట్ ఆఫ్ పెట్రోల్, సో ఐ... తోసుకుంటూ వచ్చా." కాసేపు ఆగి నవ్వాడు. "అండ్ నౌ ఐ యామ్ ఫామిష్డ్."